ఎల్క్‌లు ఎటువైపు?

"అన్నా, ఎల్క్ దుప్పులు ఎటువైపు ఉంటాయి?" అని అడిగాడు వెర్లిన్. నెబ్రాస్కా మైదానాల మనిషి, జన్మలో కొండెక్కి ఎరగడు. వచ్చే నెల బాణాల వేట మొదలయ్యేలోగా చోటు వెతుక్కోవాలట.

మా కొలరాడో కొండల్లో అడిగితే రొట్టె పెడతాం, పడుకోను మంచమిస్తాం. ఎల్క్‌లుండే చోటు మాత్రం కన్నతండ్రికైనా చెప్పం. పైగా ఆరేళ్లుగా నా బాణానికే ఒక్కటీ పడలేదు. అందుకే నా వేటసామాన్ల కొట్టులో అతనికి డజను బాణాలు అమ్మి, నేనెప్పుడూ ఎక్కని, తూర్పునున్న బోడికొండ వైపు చెయ్యి చూపించాను.

మూడో రోజు పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు.

"పదకొండున్నాయన్నా! ఒక్కోటి గుర్రమంత!"

ఫోన్లో ఫొటోలు చూపించాడు. లెక్కపెట్టాను, పదకొండే.

"మంచిది తమ్ముడూ. ఇంతకీ ఎటునుంచి ఎక్కావు?"

గొంతు తగ్గించాడు. "ఉత్తరాన రాళ్లవాగులోంచి. నీకు కాబట్టి చెబుతున్నా."

ఆదివారం కొట్టు మూసేసి బోడికొండకు పోయాను. అన్నీ జారుడు రాళ్లే. మధ్యాహ్నానికి ఎక్కలేక, దిగలేక బండను కౌగిలించుకుని కేకలు పెట్టాను.

పైనుంచి తాడు పడింది. తలెత్తితే వెర్లిన్!

"నువ్వొస్తావని తెలిసే తాడు తెచ్చానన్నా."

"ఏవిరా, ఎల్క్‌లేవి?"

"ఇక్కడెందుకుంటాయి? మీ ఊళ్లో ఎవరైనా చెయ్యి చూపిస్తే దానికి ఎదురు దిక్కు పొమ్మని మా నాన్న చెప్పి పంపాడు. అలాగే పోయా. అవి ఉన్నది అదిగో, ఆ కొండ మీద!" అంటూ పడమటికి చెయ్యి చూపించాడు.

తాడుకు వేలాడుతూనే ఆలోచనలో పడ్డాను. ఇప్పుడు అటు పోవాలా, ఎదురు దిక్కు పోవాలా?