గట్టుగుండు

"ఇంత సన్నటి పిస్తోల్లో ముప్పైరెండు నంబరు తూటాయా? అమ్మగారూ, ఇది ఆడకూతురి సేతికని సేసిన సరుకు. దీని ఒళ్ళు సాలదండి," అన్నాడు సూరయ్య.

"ఒళ్ళు సాలకే నీ దగ్గరకొచ్చేను. పైకి ఇలాగే ఉండాల. లోపల పెద్ద తూటా పట్టాల," అంది లక్ష్మీనరసమ్మ.

విజయనగరం కోట వెనక సందులో తుపాకులు బాగుచేసే కొట్టు సూరయ్యది. ఆ పిస్తోలు అతనికి కొత్తది కాదు. పెళ్ళిలో ఆమెకు పుట్టింటివాళ్ళిచ్చినది. ఆమె భర్త జగన్నాధం దగ్గర పనిచేసిన రోజుల్లో దాన్ని తుడిచి నూనె పెట్టింది సూరయ్యే.

"పందుల్ని కొట్టడానికేటండి?"

"కాదు."

"కొండల్లో గొడవలని బయమా?"

"నాకెవుల్తోనూ బయం లేదు. లైసెన్సు నా పేర్న ఉన్నాది, మార్పు రాయించుకున్నాను. సేస్తావా, మానీస్తావా?"

"సన్న పిస్తోల్లో పెద్ద తూటా ఏస్తే ఎగిరి తంతాదమ్మా. పేల్సినోళ్ళ సేతికి దెబ్బ."

"తగలనీ. పేల్సీది నేను కాదు, మీ బాబుగారు. ఈ మార్పు సంగతి మాత్రం ఆయనకి తెలవకూడదు."

ఆమె వెళ్ళిపోయాక సూరయ్య పెరట్లో ఇసుక బస్తా పెట్టి, దానికి వాడే పాత సన్న తూటా పేల్చి చూశాడు. టప్పుమని పేలింది. తుప్పు లేదు, తడబాటు లేదు. మునుపెలా పేలేదో అలాగే పేలింది.

ఆ చప్పుడుకి అతనికి చిన్ననాటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. అప్పట్లో వాళ్ళ పల్లెలో ఎవరికీ గడియారం లేదు. పొద్దు వాలగానే ఆ పొలాల ఆసామి జగన్నాధం కాలవగట్టు మీదికొచ్చి ఆకాశంలోకి ఒక్క గుండు పేల్చేవాడు. మడుల్లో నాట్లు ఊడుస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి గట్టెక్కేవారు. అందుకే దానికి గట్టుగుండని పేరు. అది వినబడితే సూరయ్య వాళ్ళమ్మ ఎసరు పెట్టేది. అది పేలాక ఒక్క కట్ట నారు నాటించినా మేస్త్రీకి ఆయన చేత చీవాట్లు పడేవి. జగన్నాధం మీద ఊరికి అంత ప్రేమ ఆ గుండువల్లే.

"బాగానే పేలతన్న పిస్తోల్ని మార్సమంతాదేటే ఆయమ్మ?" అన్నాడు పెళ్ళాంతో.

దాలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ మూతి తిప్పింది. "నీకు ఇనుం తెలుస్తాది గానీ మనుసులు తెల్దు మావా. కొన్నాళ్ళై ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవట. ఆ ఊరి పాలోడు సెప్పేడు. ఆయమ్మ ఏటడిగినా ఆ బాబు పలకడట."

"అయితే?"

"అయితేటి! మొగుడి సేతిలో పిస్తోలు పేలిపోతే పెళ్ళాన్నెవులంతారు? నిన్నంతారు."

"నోర్ముయ్యే!" అన్నాడు గానీ ఆ రోజు అన్నం సయించలేదు. తను కాదంటే ఆమె ఇంకొకడి దగ్గరికెళ్తుంది. వాడు చేతకాక చేసి ఇస్తే, బాబు చెయ్యి తునకలవుతుంది. అంతకంటే తను చెయ్యడమే నయం.

అదే కంపెనీది, ఒక నంబరు పెద్ద పిస్తోలు, పనికిరాక అతని దగ్గర పడి ఉంది. దాని గొట్టం, స్ప్రింగు ఇందులోకి మార్చాడు. ఎక్కడా బీట లేదని అద్దం పెట్టి వెతికాడు. మొదటి తూటా తాడు కట్టి గోడ చాటునుంచి పేల్చాడు. రెండోది తన చేత్తోనే పేల్చాడు. అరచెయ్యి భగ్గుమంది గానీ పిస్తోలు చెదరలేదు. అయినా మనసు ఒప్పక, దాన్ని తనే పట్టుకుని ఆ పల్లెకి బస్సెక్కాడు.

అతను చేరేసరికి పొద్దు వాలుతోంది. జగన్నాధం కాలవగట్టు మీద ఎర్రటి ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. జుట్టంతా నెరిసింది.

"బాబూ, దండాలండి!" అన్నాడు సూరయ్య వెనకనుంచి.

ఆయన తల తిప్పలేదు. తనని మరిచాడో, కోపమో! సూరయ్య మొహం చిన్నబోయింది. ఈలోగా లక్ష్మీనరసమ్మ వచ్చి, అతని దగ్గర పిస్తోలు తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది.

"ఎందుకే ఇది? పిస్తోలు సచ్చిపోనాదని సెప్పేను కదా!" ఆయన విసుక్కున్నాడు. ఆమె ఆకాశంలోకి వేలు చూపించింది.

ఆయన చెయ్యెత్తి మీట నొక్కాడు.

ధడేల్మంది. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. చెయ్యి భుజందాకా అదిరి ఆయన అడుగు వెనక్కేశాడు. మడుల్లో ఆడవాళ్ళు నడుములెత్తి, "ఓలమ్మో, బాబు గుండే! ఎన్నాళ్ళయినాదే!" అని నవ్వుకుంటూ గట్టెక్కారు.

జగన్నాధం ఎర్రబడ్డ అరచేతిని చూసుకుని పసివాడిలా నవ్వాడు. "లేసిందే! సచ్చిన పిస్తోలు లేసిందే!" ఆ కేకకి అవతలి గట్టు మీది ఎద్దు కూడా తలెత్తింది.

సూరయ్యకి ప్రాణం కుదుటపడింది. కానీ సందేహం మిగిలింది. "నేను సూసేనమ్మా, పాత తూటా కూడా బాగానే పేలింది. మరి దీనికేటి లోటని మార్పించేరు?"

భర్త జానెడు దూరంలో ఉన్నా లక్ష్మీనరసమ్మ గొంతు తగ్గించలేదు.

"ఆయనకి సెవుడొచ్చీసినాది, సూరయ్యా."