తిరుగు బెల్లు

"ఆ కేబులు ఒగసారి చూపిస్తావా అప్పా?"

చంద్రు తల ఎత్తినాడు.

రాబర్ట్‌సన్‌పేటలో అతని ఎలక్ట్రానిక్స్ రిపేరి షాపు. డెబ్భై దాటిన మనిషి ఒకడు ఎడమకాలు ఈడుస్తా మెట్టు ఎక్కినాడు. చేతిలో గుడ్డసంచి.

"యా కేబులు?"

"వాకీటాకీలో చానెళ్ళు ఎక్కించేది. కంప్యూటరుకు తగిలిస్తావే, అది."

చంద్రుకు అనుమానం అక్కడే మొదలైంది.

కౌంటరు మీద పన్నెండు వాకీటాకీలు ఉన్నాయి. కామసముద్రం అవతల, అడివి అంచు పల్లెవి. ఏనుగులు దిగితే కావలివాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడానికి. మూడో చానెల్ అచ్చంగా ఏనుగుల కబురుకే. ఊరికే దాంట్లో నోరు తెరిస్తే ఏనుగును పిలిచినట్టేనని ఆ పల్లె కట్టుబాటు.

సాయంత్రానికి పంచాయతీ మెంబరు నందీశ్ వచ్చి తీసుకుపోతాడు. పొద్దున్నుంచి చూస్తే కంప్యూటరు కేబులును ఒప్పుకోవడం లేదు. ఇందులో ఉండేది అసలు చిప్పు కాదని చూపిస్తా ఉంది. నిన్నటిదాకా పనిచేసిన కేబులే.

సరిగ్గా ఇప్పుడే ఈ ముసలాయన ఎందుకు వచ్చినట్టు?

"నీకెందుకు పెద్దాయనా?"

"నకలు చిప్పులు శానా వస్తా ఉండాయి. సెట్లు చెడిపోతాయి."

సంచిలోంచి భూతద్దం తీసినాడు. కేబులు చివర ప్లాస్టిక్ మూత బ్లేడుతో విప్పినాడు. దూదికి స్పిరిట్ అద్ది లోపలి చిప్పు మీద రుద్దినాడు. దానిమీది అక్షరాలు చెరిగి దూదికి అంటుకున్నాయి.

"చూడు. మంచిదానికి పేరు చెక్కి ఉంటాది. దీనికి పైపైన పూసినారు."

"నిన్నెవురు పంపినారు? బంగారుపేట షాపోడా?"

"ఎవురూ పంపలేదు."

"మరి ఈ విద్య యాడ నేర్చుకున్నావు?"

"గని మూసినంక పదైదేండ్లు రోజూ రైల్లో బెంగళూరికి పోయి సెట్లు రిపేరి చేసినాను."

పేపర్లో చుట్టిన తన కేబులు తీసి కౌంటరు మీద పెట్టినాడు.

"ఇది అసలుది. దీంతో ఎక్కించు. ఎక్కించినంక సెట్లో ఏముండాదో వెనక్కి చదివించు. గనిలో మేం కిందనుంచి బెల్లు కొడితే పైనోడు అదే బెల్లు తిరిగి కొట్టాల. తిరుగు బెల్లు రాకుండా మనుషుల్ని ఎక్కించే దించే కేజు కదల్దు."

"ఈ కేజీఎఫ్‌లో గని కథ చెప్పనోడు యాడుండాడులే."

"ఏనుగులు తిరిగే చోటికి పోయే సెట్లప్పా. మూడో చానెల్ తప్పకూడదు."

చంద్రు చేయి ఆగింది.

"మూడో చానెల్ సంగతి నీకెట్ల తెలుసు?"

ముసలాయన గోడమీది ఫొటో వైపు చూసినాడు. గని టోపీలో చంద్రు నాయన. పోయి ఆరేండ్లు.

"మీ నాయన నంజుండప్పా, నేనూ..."

"చాల్లే. బయట బోర్డు మీద 'నంజుండప్ప ఎలక్ట్రానిక్స్' అని ఇంత లావు రాసుండాది. చదివినోళ్ళంతా మా నాయన స్నేహితులే."

ముసలాయన ఫొటో మీదనుంచి చూపు తిప్పుకున్నాడు. భూతద్దం సంచిలో వేసుకున్నాడు.

"కేబులు ఉండనీ. వెనక్కి చదివించేది మర్చిపోవద్దు."

కాలు ఈడుస్తా దిగిపోయినాడు.

ఆ కేబులును చంద్రు పేపరుతో సహా పాతసామాను డబ్బాలో పడేసినాడు. దాంట్లో ఏం పెట్టినాడో, తగిలిస్తే కంప్యూటర్లోని సరుకంతా ఎవరి చేతికి పోతుందో.

ఫోన్లో వీడియో చూసి పాత డ్రైవర్ సాఫ్ట్‌వేరు వేసినాడు. కంప్యూటరు అతని కేబులునే ఒప్పుకుంది. ఒక్కొక్క సెట్టుకీ 'పూర్తయింది' అని చూపించింది. నడమ ఒకసారి తెర మినుక్కుమంది, అంతే. మొదటి చానెల్లో పలికించి చూసినాడు. పన్నెండూ గణగణ పలికినాయి. అన్నీ మళ్ళా చదివించాలంటే ఇంకో గంట పని. ఎవడో అనుమానం పెట్టిపోతే తనెందుకు చెయ్యాల?

సాయంత్రం నందీశ్ వచ్చి తీసుకుపోయినాడు.

తొమ్మిదో రోజు మధ్యాన్నం మళ్ళా వచ్చినాడు. పగిలిన సెట్టు ఒకటి కౌంటరు మీద పెట్టినాడు. ఏడో నంబరు.

"ఇది మూడో చానెల్లో పలకలేదు చంద్రన్నా. మొన్న తెల్లారి దిగువ కాలవ కాడికి ఏనుగు వచ్చింది. కావలి దాసప్ప ఎంత పిలిచినా ఒగరికీ వినపడలేదు."

"ముందే చూసుకోలేదా?"

"ఆ చానెల్లో ఊరికే పలకం కదన్నా. నీకు చెప్పిందే."

చంద్రు తన కేబులు ముట్టలేదు. డబ్బాలోంచి పేపరు చుట్ట తీసినాడు. సెట్టుకు వేరే బ్యాటరీ పెట్టి, ఆ కేబులు తగిలించి, లోపల ఉండేది చదివించినాడు.

ఒకటో వరస ఉంది. రెండో వరస ఉంది. మూడోది ఖాళీ.

"దాసప్ప ఇప్పుడు యాడుండాడు?"

నందీశ్ తలమీది తుండుగుడ్డ తీసినాడు.

"ఆడ రైలుపట్టా ముక్క ఒగటి గంట మాదిరి వేలాడదీసుంటిమి. రాయి తీసుకొని దాన్ని కొట్టినాడు. డెయిరీకి పాలు తీసుకొస్తా ఉండిన ఆడోళ్ళు ఆరుమంది విని వెనక్కి తిరిగినారు. ఏనుగు ఆ సద్దు మీదికే పోయింది. వాళ్ళు ఊర్లో పడిందాకా ఈయప్ప కొట్టేది నిలపలేదు. ఇంగ పరిగెత్తే కాలు కూడా కాదు ఆయనది. నిన్న మన్ను చేసినాం."

"ఎడమకాలా?"

"నీకు తెలుసా ఆయన?"

"ఒగసారి చూసినాను."

నందీశ్ గోడమీది ఫొటోను చూసినాడు.

"మేం ఈ పని బంగారుపేటలో ఇద్దామనుకుంటిమి. దాసప్పే వద్దనె. 'గనిలో బండ పేలిన పొద్దు నా బెల్లు నమ్మి కేజెక్కినోడు నంజుండప్ప, నా కాలు పోయిందీ ఆ పొద్దే, ఆయన బిడ్డ మోసం చెయ్యడు, సెట్లు ఆడికే తీసుకుపోండి' అనె."