నలభై రెండు అడుగులు

"...నలభై ఒకటి, నలభై రెండు."

లెక్క ముగించి, ఆ పెద్దాయన చెప్పు మొనతో వేదిక మెట్టును తాకి ఆగాడు.

సరస్సు ఒడ్డున పచ్చిక మీద మంచు ఇంకా ఆరలేదు. పెళ్లి ఎల్లుండి. గేటు నుంచి వేదిక దాకా తిన్నగా తెల్ల తివాచీ పరిచారు. రెండు పక్కలా పూలకుండీలు.

ఆ తెల్ల తివాచీ మీద ఇప్పుడు బురద అడుగులు.

"ఏవండీ! ఎవరు మీరు?" పెళ్లి ఏర్పాట్లు చూస్తున్న ప్లానర్ పరుగున వచ్చింది. "ఇది పెళ్లికూతురు నడవడానికి వేసిందండీ. మీ వాకింగ్‌కి కాదు."

"తప్పయిందమ్మా. చూసుకోలేదు."

"గేటు దగ్గర అంత పెద్ద బోర్డు పెట్టాం కదా, లోపలికి రావద్దని!"

"పెట్టారా?" అన్నాడాయన, నీళ్ల వైపు తిరిగి.

మాట్లాడుతూ మొహమైనా చూడడు. ఎంత పొగరు అనుకుంది ప్లానర్.

"ఈ వేదిక ఇక్కడే ఉంటుంది కదమ్మా? జరపరుగా?"

"మీకెందుకండీ?"

"ఊరికే అడిగాను."

ఆయన వెనక్కి తిరిగాడు. పెదాలు మళ్లీ కదిలాయి. ఒకటి, రెండు, మూడు...

ప్లానర్‌కి పోయినేటి మోసం గుర్తొచ్చింది.

పోయినేడు ఆమె గీసుకున్న పడవ ఆకారం వేదిక, కట్టడం పూర్తి కాకముందే పోటీవాళ్లు చేయించిన పెళ్లిలో అచ్చుగుద్దినట్టు వెలిసింది. ఎవరినో పంపించి ఇలాగే కొలిపించారని తర్వాత తెలిసింది. ఆమెకి పని ఇచ్చిన పెళ్లివాళ్లు ఆమెనే దొంగ అన్నారు.

వాచ్‌మన్‌ను పిలిచింది.

"ఈయన ఎన్నాళ్ల నుంచి వస్తున్నాడు?"

"మూడు రోజులమ్మా. తెల్లారేసరికి ఆటోలో ప్రత్యక్షం. అటు నలభై రెండు, ఇటు నలభై రెండు. వినీ వినీ నిన్న మా ఆవిడ టైమెంతయిందంటే నలభై రెండు అన్నాను."

"నవ్వులాటగా ఉందా? ఎందుకు కొలుస్తున్నావని అడగలేదూ?"

"అడిగానమ్మా. ఎందుకో చెబితే పని చెడిపోతుంది అన్నాడు."

ఇంకేం కావాలి!

"రేపు గేటు దాటనిచ్చావో, నీ పని చెబుతాను."

మధ్యాహ్నం పెళ్లికూతురు ఫోన్ చేసింది.

"అక్కా, పూలు మీ ఇష్టం, లైట్లు మీ ఇష్టం. నాకు ఒక్కటే కావాలి. మామయ్య చెయ్యి పట్టుకుని నడవాలి. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. బడికి కూడా ఆ చెయ్యి పట్టుకునే వెళ్లాను."

"రాసుకున్నానమ్మా. నాలుగూ నలభైకి మామయ్యతో నడక. రిహార్సల్‌కి ఆయన వస్తారా?"

"రాడు. ఏవో పనులున్నాయట, పెళ్లివేళకే దిగుతాడు. 'నడవడానికి కూడా రిహార్సల్ ఏంటే!' అని ఒకటే నవ్వు."

ఫోన్ పెట్టేసి, ప్లానర్ డెకరేషన్ మేస్త్రిని పిలిచింది.

"వేదికని నీళ్ల వైపు జరపండి. దారి తిన్నగా వద్దు. రెండు వంపులు తిప్పండి. మధ్యలో మూడు మెట్లు."

"అమ్మా, ఉన్నది రేపొక్క రోజే. మా నడుములు విరుగుతాయి."

"విరిగితే నేను అతికిస్తాలే. ఆయన కొలతలు ఆయన దగ్గరే పెట్టుకోనీ."

మర్నాడు పొద్దున పెద్దాయన గేటు బయటే చాలాసేపు నిలబడి వెళ్లాడని వాచ్‌మన్ చెప్పాడు.

పెళ్లి రోజు మూడు గంటలకు దారిలో ఏదో భళ్లున పగిలింది. ప్లానర్ వచ్చేసరికి మొదటి వంపు దగ్గర కుండీ ముక్కలై ఉంది.

"ఆయనేనమ్మా," అన్నాడు వాచ్‌మన్. "కొత్త బట్టల్లో వస్తే పెళ్లివారేమోనని వదిలాను. తిన్నగా వచ్చి కుండీని గుద్దుకుని పడ్డాడు."

"ఏమన్నాడు?"

"'దారి మార్చారా?' అన్నాడు. నేలంతా చేత్తో తడిమాడు. తర్వాత కుండీలు పట్టుకుంటూ గేటు దాకా వెళ్లిపోయాడు."

మూడు రోజుల కొలతలు మట్టిగొట్టుకుపోయాయన్న మాట. ఆ వారంలో ప్లానర్ హాయిగా నవ్వింది అప్పుడే.

నాలుగున్నరకు పెళ్లికూతురి తల్లి వచ్చింది.

"వాళ్ల మామయ్య రావడం లేదమ్మా. జ్వరమట."

పెళ్లికూతురు ఒక్కతే నడిచింది. మొదటి వంపు దగ్గర ఆగి గేటు వైపు చూసింది. రెండో వంపు దగ్గరా చూసింది.

"కన్నీళ్లు భలే పడ్డాయి ఫొటోలో," అన్నాడు ఫొటోగ్రాఫర్.

ప్లానర్ తన కాగితంలో 'మామయ్యతో' అన్న మాట కొట్టేసి, 'నడక' పక్కన టిక్కు పెట్టింది.

అందరూ భోజనాలకు కదిలాక, తల్లి ఒక్కతే పగిలిన కుండీ దగ్గర నిలబడి ఉంది.

"ఈ దారి తిన్నగా ఉండేదట కదమ్మా?"

"అవునాంటీ! పోటీవాళ్ల మనిషి ఒకాయన రోజూ వచ్చి అడుగులు లెక్కపెడుతుంటే, ఒక్క రోజులో మార్పించేశాను. ఇవాళ వచ్చి బోర్లా పడ్డాడు."

తల్లి అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది.

కోపం లేని గొంతుతో అంది.

"చూపు పోయిందని పెళ్లయ్యేదాకా పాపకి తెలియకూడదన్నాడమ్మా మా అన్నయ్య. దాని చెయ్యి పట్టుకుని తడబడకుండా నడవాలని, రోజూ వచ్చి ఆ నలభై రెండు అడుగులూ నేర్చుకున్నాడు."