లేని కంచె

"రేపు పొద్దున వల లారీ వస్తుంది," అన్నాడు సూపర్‌వైజర్ కమ్రాన్ హిందీలో, టీ గ్లాసు కింద పెడుతూ. "ఇక ఆ జింకల్ని బతిమాలింది చాలు. వలేసి పట్టి, పచ్చికలో దింపేద్దాం."

మందను కాసే గంగన్న చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకొన్ని రోజులు ఆగు భాయ్. వాటంతటవే దాటుతయి."

"కంచె పీకి ఇన్నాళ్లయింది. దాటాయా?"

దాటలేదు. అదే కదా వచ్చిన చిక్కు! ఒమన్‌లోని ఇబ్రా నుంచి దక్షిణంగా బండిలో చాలాసేపు పోతే వచ్చే మైదానం అది. ఆ నేల యజమాని అర్బాబ్ తన జింకల కోసం ముచ్చటపడి కంచె కట్టించాడు. లోపల మేత అయిపోయింది. బయట వాన పడి పచ్చిక మొలిచింది. సరే, పోయి తినండని కంచె తీసేయమన్నాడు. గంగన్నా, అతనితో పనిచేసే ఓంకారూ తీగ చుట్టేశారు, స్తంభాలు పెరికేశారు, గుంతలు కూడా పూడ్చేశారు. జింకలు మాత్రం రోజూ తీగ ఉన్న చోటిదాకా వచ్చి, వరుసగా నిలబడి, పచ్చిక వంక ఆశగా చూసి, వెనక్కి తిరిగిపోతున్నాయి. పుట్టినప్పటి నుంచి అక్కడ తీగ ఉంది. వాటి లెక్కలో ఇంకా ఉంది. వాటికి గడ్డి రోజూ వీళ్లిద్దరే కోసి తెచ్చి వేయాల్సి వస్తోంది.

"నీ జింకలకు దిమాక్ లేదన్నా," అని పకపకా నవ్వాడు ఓంకార్. "ఏమున్నదక్కడ? గాలి! గాలిని జూసి బెదురుతున్నయి."

"నవ్వకురా. వలేస్తే ముత్తవ్వ బతుకదు."

ముత్తవ్వంటే ఆ మందలో నిండు చూలుతో ఉన్న జింక. దాని నడక వాళ్ల నాయనమ్మ నడకలా ఉంటుందని గంగన్నే ఆ పేరు పెట్టాడు. పోయినేడు ఇలాగే వల వేసి జింకల్ని పట్టినప్పుడు చూలు జింకలు బెదిరి, గింజుకుని, వలలోనే ప్రాణాలు విడిచాయి. వాటిని లారీలోకి ఎత్తింది గంగన్నే. ఆ తర్వాత చాలా రోజులు అతనికి అన్నం సయించలేదు.

"ఈ ఒక్క సాయంత్రం నాకిడిసిపెట్టు భాయ్," అన్నాడు. "రేపు నీ ఇష్టం."

కమ్రాన్ చెడ్డవాడేం కాదు. సరేనన్నట్టు చెయ్యి ఊపి లేచిపోయాడు.

గంగన్న పరుగులాంటి నడకతో పచ్చిక వైపు పోయి, మోపెడు గడ్డి కోసుకుని వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆయాసపడుతూనే మంద దగ్గర నుంచి లేని కంచె దాకా గడ్డి పరుచుకుంటూ వచ్చాడు. చివరి గుప్పెడు అవతలికి విసిరాడు.

ముత్తవ్వ మెల్లగా కదిలింది. సాయంత్రపు ఎర్రటి వెలుగులో దాని ఒళ్లు ఉందో లేదో తెలియనట్టు ఉంది, నీడ మాత్రం ఇంత పొడుగున సాగింది. ఒక్కో పరకా తింటూ, తింటూ అంచుదాకా వచ్చింది. ముందుకాలు ఎత్తింది.

"దా తల్లీ. ఏం లేదక్కడ. దా," అన్నాడు గంగన్న గుసగుసగా.

ఎత్తిన కాలు అలాగే ఉంది. ముత్తవ్వ అతని వంక చూసింది, పచ్చిక వంక చూసింది. కాలు వెనక్కి పెట్టేసింది. గంగన్న అక్కడే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"పా అన్నా, రూముకు పోదాం," అన్నాడు ఓంకార్. ఈసారి నవ్వలేదు.

తెల్లారేసరికి మైదానమంతా మంచు. సముద్రం దూరమే అయినా ఒక్కో పొద్దున దాని మంచు ఇక్కడిదాకా వచ్చి, నేలా ఆకాశమూ తేడా లేకుండా కప్పేస్తుంది. గంగన్న అందులో నడుస్తుంటే తన కాళ్లు తనకే కనబడటం లేదు. ఎక్కడో మేక దగ్గినట్టు ఓ చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. నిద్రలో నడుస్తున్నట్టుంది అతనికి. మంద ఉండే చోటికి వచ్చాడు. మంద లేదు.

"అయ్యో! లారీ అప్పుడే వచ్చిపోయిందా ఏంది?" గంగన్న మంచులోకి కళ్లు చికిలించి చూశాడు.

అప్పుడు మంచు ఒకచోట పలచబడింది. అవతల, పచ్చికలో, తలలు వంచుకుని తెల్లటి పొట్టలు. ఒకటి వెనక ఒకటి మంచులోంచి బయటపడుతున్నాయి, మళ్లీ మంచులో కలిసిపోతున్నాయి. నడుమ ముత్తవ్వ, తీరిగ్గా నెమరేస్తూ.

"దాటినయన్నా! దాటినయ్!" వెనక నుంచి ఓంకార్ వచ్చి వాటేసుకున్నాడు.

కల అయితే మెలకువ రాకుంటే బాగుండు అనుకున్నాడు గంగన్న. ఇద్దరూ అట్లాగే, చలిలో, చిన్నపిల్లల్లా నిలబడి చూస్తున్నారు.

మంచులోంచి కమ్రాన్ విసవిసా వచ్చాడు.

"లారీ వద్దని అర్బాబ్‌కు ఫోన్ చేశాను. సంతోషం. అది సరే, నిన్న సాయంత్రం గేటుకు తాళం వేయనిది ఎవరు?"

గంగన్న జేబు తడుముకున్నాడు. తాళం జేబులోనే ఉంది.

"తప్పయింది భాయ్. నెత్తి మీద మోపుండె, తొందరల మర్చిపోయిన."

"డ్యూటీ అంటే ఆటలా? బార్లా తెరిచి ఉంది! ఏదైనా లోపలికి దూరితే ఎవరిది జవాబు?"

"ఇంకోపారి కాకుంట నేను జూస్కుంట భాయ్," అంటూ అడ్డుపడ్డాడు ఓంకార్.

ముగ్గురూ గాభరాగా, ఒకప్పుడు కంచె ఉన్న వారగానే, గేటు దాకా పరుగెత్తారు. అర్బాబ్ తీగా స్తంభాలూ తీయమన్నాడు గానీ గేటు సంగతి చెప్పలేదు. అందుకని అది ఆ మైదానం చివర, అటూ ఇటూ ఏమీ లేకుండా, రెండు సిమెంటు దిమ్మెల మధ్య ఒంటరిగా నిలబడి ఉంది.

తడి ఇసుకలో, గడ్డి కోసం రోజూ అంత దూరం చుట్టు తిరిగి ఆ గేట్లోంచే పోయివచ్చిన ఇద్దరి చెప్పుల జాడల మీద, జింకల గిట్టల గుర్తులు ఒకే వరుసలో గేటు దాటి పచ్చికలోకి పోయాయి.