క్లచ్ లేని బండి

"క్లచ్ లేని బండే కావాలి," అన్నారు క్లచ్ మాస్టారు.

షోరూములో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఆయన వంక చూశారు. చూడరూ మరి! ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి. క్లచ్ మీద కాలు సరిగ్గా ఆనకపోతే ఎంతటివాడికైనా అక్షింతలు పడాల్సిందే. ఆటోమేటిక్ బండి మాటెత్తితే, "అది బండా? ఉయ్యాల!" అని తీసిపారేసేవారు. ఎదురుగా టై కట్టుకుని నిలబడ్డ సేల్స్‌మన్ కూడా ఆ అక్షింతలు వేయించుకున్న శిష్యుడే.

"మాస్టారూ, ఈ మాట అంటున్నది మీరేనా?"

"నేనే. ఆ ఎత్తు బండి చూపించు."

నలుగురూ నవ్వారు. కూతురికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె ఫిజియోథెరపిస్టు, పొద్దస్తమానం మోకాళ్లతోనే పని. ఇవాళ అమ్మా నాన్నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో ముందు బయల్దేరితే, తను స్కూటర్ మీద వెనకే వచ్చింది. దారి పొడవునా ఆ బండి మూలుగుతూనే ఉంది. రోడ్డు ఖాళీగా ఉన్నా రెండో గేరు దాటలేదు. శిష్యుల చేతిలో గేరు కాస్త అరిస్తేనే ప్రాణం పోయినట్టు గింజుకునే నాన్న, సొంత బండిని అంతలా ఏడిపించాడంటే ఎడమ కాలు క్లచ్ తొక్కలేకపోతోందన్నమాటే. అలాంటి మనిషి రోజూ సాయంత్రం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని షికారు తిప్పుతున్నాడు.

అమ్మ సోఫాలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మన బండేదీ?" అని మళ్లీ అడిగింది.

"బయటుందమ్మా. ఇందాకే చెప్పానుగా."

అమ్మకి ఈమధ్య కాస్త మతిమరుపు. ఈ వయసులో ఎవరికి లేదు గనక, అని కూతురు సరిపెట్టుకుంది.

సేల్స్‌మన్ పెద్ద తెర చూపించాడు, పైకప్పులో అద్దం చూపించాడు. మాస్టారు వాటి వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. డ్రైవరు సీట్లో కూర్చుని, పక్క సీటుకీ తనకీ మధ్య ఉన్న జాగాని తడిమి చూశారు.

"హ్యాండ్‌బ్రేకు ఏదిరా?"

"కర్ర ఉండదు మాస్టారూ, బటనే."

"మరి గేరు?"

"బయల్దేరేటప్పుడు ఒకసారి డ్రైవ్‌లో పడేస్తే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు."

"దిగేదాకా?"

"దిగేదాకా."

మాస్టారు మొహం వెలిగింది. "ఇదే ఖాయం చెయ్యి," అన్నారు.

కూతురు ఆయన్ని పక్కకి లాక్కెళ్లింది.

"నాన్నా, నిజం చెప్పు. ఎడమ కాలు లేవట్లేదు కదూ?"

"ఎవరన్నారు?"

"నీ బండే చెప్పింది, దారంతా. కాలు పనిచెయ్యకపోతే కొత్త బండి సంగతి తర్వాత, అసలు నీ చేతిలో తాళాలే ఉండకూడదు. అమ్మ ఉంటుంది పక్కన!"

"సాయంత్రం బండెక్కకపోతే మీ అమ్మకి కుదురుండదే."

"ఏమైనా సరే. ఇవాళ తేలిపోవాలి."

మాస్టారు బయటికి నడిచి పాత బండి తీశారు. సర్వీసు షెడ్డుకి ఎక్కే ఏటవాలు మీదికి పోనిచ్చి, సరిగ్గా మధ్యలో ఆపారు. బ్రేకు మీద నుంచి కాలు తీసేశారు. ఒక్క క్లచ్ మీదే బండిని నిలబెట్టారు. వీసమెత్తు వెనక్కి జారలేదు.

"హాఫ్ క్లచ్ అంటే అదీ!" శిష్యుడు చప్పట్లు కొట్టాడు.

కూతురు కిటికీలోంచి వంగి చూసింది. తొడ వణకలేదు, పాదం తొణకలేదు. దానికి వంక పెట్టడానికి ఆమె చదువు సరిపోలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అన్నట్టు, తనకే అందరిలోనూ మోకాళ్లు కనిపిస్తున్నాయా అని అనుమానం కూడా వచ్చింది.

"మరి ఎందుకు నాన్నా ఇదంతా?"

మాస్టారు బండి దిగారు. "అమ్మని తీసుకొచ్చి కొత్త బండిలో ఎక్కించు. నడిపి చూద్దాం," అన్నారు.

"ముందు సీట్లో నేనుండాలి మాస్టారూ, అది మా రూలు," అన్నాడు సేల్స్‌మన్.

"ఆ సీటు ఆవిడది. నువ్వు వెనక్కెళ్లు."

గురువుగారి మాట. నోరు మూసుకుని కూతురి పక్కన వెనక సీట్లో సర్దుకున్నాడు.

బండి మెత్తగా రోడ్డెక్కింది. అమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది. దుకాణాల వరస దాటాక ఉన్నట్టుండి ఆమెలో ఏదో కంగారు మొదలైంది. బెల్టు ఊడదీయబోయింది. చెయ్యి తలుపు గడియ మీదికి పోయింది.

"నేను దిగాలి. ఇంటికెళ్లాలి."

"అక్కడికేగా వెళ్తున్నాం," అంటూ మాస్టారు ఎడమ చెయ్యి చాపారు. అమ్మ గడియ వదిలేసి ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

సిగ్నలు దగ్గర బండి ఆగింది, మళ్లీ కదిలింది. మలుపు తిరిగింది, వంతెన ఎక్కింది. ఆ చెయ్యి మాత్రం అక్కడే ఉంది. స్టీరింగు మీద రెండు చేతులూ ఉండాలని ఊరంతటికీ పాఠాలు చెప్పిన మనిషి ఒంటి చేత్తో నడుపుతుంటే కూతురికి ఒళ్లు మండింది. "నాన్నా, ఆ చెయ్యి!" అని అరవబోయింది.

అంతలో అమ్మ వెనక్కి తిరిగింది. ఆ మొహంలో ఇంతకుముందటి కంగారు లేదు. కూతురి వంక చూసి చిన్నగా నవ్వి, డ్రైవరుకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"ఈ డ్రైవరు మంచివాడండీ. మా ఆయనైతే గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి వదిలేసేవారు."