బూటుకి బొట్టు

"అమ్మా, నువ్వు గడప దాటావంటే నా మీద ఒట్టే!" అని దేదీప్య తలుపుకి అడ్డంగా నిలబడింది.

లీలావతి అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. "ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. నేను పెట్టిన కుంకుమకి నీ రూమ్మేట్‌ని పట్టుకుపోతే, నేనిక్కడ కూర్చుని ఉప్మా తినాలా? ఇషా కూడా ఓ తల్లి కన్న పిల్లే కదుటే!"

జరిగింది ఇదీ. ఆ అమెరికా యూనివర్సిటీ నడిబొడ్డున, దాన్ని కట్టించినాయన కంచు విగ్రహం ఒకటుంది. రెండొందల ఏళ్ళ కిందటి మనిషి. పరీక్షకి వెళ్ళే పిల్లలంతా ఆయన బూటు తాకి వెళతారు, తాకితే పాసవుతామని నమ్మకం. వాళ్ళ చేతులు తగిలి తగిలి ఆ బూటొక్కటీ బంగారంలా మెరుస్తుంటుంది. కూతురు పట్టా తీసుకుంటుంటే చూద్దామని వచ్చిన లీలావతి ఊరుకుంటుందా? ఇంతమందిని గట్టెక్కించిన మహానుభావుడికి బొట్టయినా లేదేమని, తెల్లారుతూనే కూతుర్ని వెంటబెట్టుకెళ్ళి బూటుకి ఇంత కుంకుమ అద్దింది.

పొద్దెక్కేసరికి పోలీసులు దిగారు. ఎవరో విగ్రహాన్ని ఎర్రగా చేశారట. ఆయన బానిసల చేత ఇటుకలు మోయించి కాలేజీ కట్టించాడనీ, విగ్రహం తీసెయ్యాలనీ పిల్లలు కొన్నాళ్ళుగా గొడవ చేస్తున్నారు. అందులో ముందుండేది ఇషా. ఇంకేం, ఆ పిల్లని తీసుకుపోయారు.

"ఇషా ఇక్కడే పుట్టిందమ్మా, తనకేం కాదు. నేను ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీదున్నాను. నా పేరు బయటికొచ్చిందంటే స్టేటస్ పోతుంది. పట్టా లేదు, ఏమీ లేదు, ఫ్లైట్ ఎక్కించేస్తారు!"

"నీ పేరెందుకొస్తుందే? పెట్టింది నేనైతే!"

దేదీప్య తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

"రానంటే మానెయ్. సైగలు చేసైనా నేనే చెప్పుకుంటాను" అని లీలావతి బయల్దేరింది. చేసేది లేక కూతురు వెనకాలే నడిచింది.

క్యాంపస్ పోలీసాఫీసులో లీలావతి చెప్పినదంతా దేదీప్య ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆ ఆఫీసరు విని విని చిన్నగా నవ్వాడు. నవ్వి, బల్ల మీది కంప్యూటర్ ఇటు తిప్పాడు.

లీలావతి ముందుకి వంగి చూసింది. విగ్రహం నెత్తి మీంచి కాళ్ళ దాకా ఎర్రరంగు, ధారలు కట్టి, నెత్తురోడుతున్నట్టు. చిటికెడు కుంకుమకి అంత ఎరుపెక్కడిది?

"ఇది పెయింటమ్మా..." దేదీప్య ఆయన మాటలు తెలుగులో చెప్పుకొస్తోంది. "కుంకుమ పెట్టడం తప్పేం కాదట. ఆ తర్వాత ఎవరో డబ్బాడు పెయింట్ పోశారట. పోసినవాళ్ళు దొరికేదాకా ఇషాని వదలరట."

ఆఫీసరు మరేదో అడిగాడు. ఈసారి తల్లిని కాదు, కూతుర్నే చూస్తూ అడిగాడు. దేదీప్య చూపు బల్ల మీదికి దించుకుంది.

"ఏమంటున్నాడే?"

"..."

"చెప్పవే, ఏమంటున్నాడు?"

"నువ్వొచ్చేశాక... అక్కడ ఇంకెవరున్నారని."

ఎవరున్నారు? 'నువ్వెళ్ళి కార్లో కూర్చోమ్మా, నేనో దండం పెట్టుకుని వస్తా' అన్న కూతురుంది. వినాయకచవితినాడు కూడా రెండు చేతులు జోడించమంటే విసుక్కునే పిల్ల! బుద్ధి వచ్చింది కదా అని లీలావతి కార్లో కూర్చుని ఎంత మురిసిపోయిందో.

గది చల్లగానే ఉంది. దేదీప్య నుదుటి మీంచి మాత్రం చెమట కారుతోంది.

లీలావతి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఫీసరు కళ్ళలోకి సూటిగా చూసింది.

"దీపూ, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పు. చిటికెడు కుంకుమ మరీ వెలితిగా ఉందని, ఆ డబ్బాడు రంగూ మా అమ్మే తెచ్చి పోసిందని చెప్పు."