పులి లంక

"పులి లేదు! ఉంటే చూపించు. లేదంటే అడ్డం లే!"

ఏలూరు ప్లీడరు నాగేశ్వరరావుగారు చేతికర్ర ఎత్తి మరీ అరిచారు. ఎదురుగా కాపలావాడు క్రీస్తుదాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ్టికి వద్దండీ బాబుగారూ. అమ్మగార్నీ పిల్లల్నీ తీసుకుని వెళ్ళిపోండి. మీకు పుణ్యం ఉంటుంది."

"పోయినసారీ ఇదే పాట పాడావు!"

ఆ మాట నిజం కాదు. పోయినసారి క్రీస్తుదాసు, "పులి కిక్కిస గడ్డిలో పడుకుందండీ, కాసేపు కూర్చోండి" అన్నాడు. కానీ కోపంలో ఉన్న ప్లీడరుకి సాక్షి మాటలు ఎప్పుడు సరిగా వినపడ్డాయి కనుక?

ఆ కోపానికి కారణం ఉంది. జమీందారుగారు ఓడెక్కి దొరల సీమకు వెళ్ళి, బోనులూ ఊచలూ లేని జూ చూసి వచ్చారు. వచ్చీ రాగానే కొల్లేటి ఒడ్డున రెండు వందల ఎకరాలు చుట్టబెట్టారు. అందులో పన్నెండు ఎకరాలు ప్లీడరుగారి మామగారివి. కేసు వేసి ఓడిపోయారు. సొంత మామగారి కేసే గెలవలేని ప్లీడరు అని ఏలూరంతా నవ్వింది.

ఆ పన్నెండు ఎకరాల్లో ఇప్పుడు జింకలు తిరుగుతున్నాయి. చెట్లనిండా గూడబాతులు. పులికి మాత్రం విడిగా ఒక లంక. చుట్టూ కాలవ, కాలవకి ఇవతల నున్నటి రాతిగోడ. పులి ఈదినా ఆ గోడ ఎక్కడం దాని తరం కాదు. లంక మీద మనిషెత్తు కిక్కిస. అడవిలో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంటుందని జమీందారుగారి గొప్ప. అడవిలో లాగే ఎవరికీ కనపడేది కాదు. ప్లీడరుగారు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ గడ్డి చూసి వెళ్ళారు.

"అసలు పులే లేదు. జనాన్ని మోసం చేస్తున్నాడు. ఉందని తేలితే మీసం తీయించుకుంటాను" అని కోర్టు బార్ రూములో అందరి ఎదుటా అన్నారు. అని ఊరుకోలేదు. కార్తీక వనభోజనాలకి ముప్ఫై మందిని ఇక్కడికే తోలుకొచ్చారు. వాళ్ళు తినడానికి వచ్చామనుకున్నారు. ఆయన లెక్కలో వాళ్ళంతా సాక్షులు.

పొద్దున జమీందారుగారి మేనేజరు గుర్రమెక్కి ఏలూరు పోతూ పోతూ క్రీస్తుదాసుని బెదిరించాడు.

"గేటు మూశావంటే జనానికి అనుమానం వస్తుంది. తెరిచే ఉంచు. నేను వచ్చేలోగా నోరు విప్పావో, నీ ఉద్యోగం ఉండదు, నీ కొంపా ఉండదు."

ఇంట్లో సలోమికి తొమ్మిదో నెల. అందుకని క్రీస్తుదాసు నోరు కట్టేసుకున్నాడు. మధ్య మధ్య గోడకి ఇవతల, గట్టు కింది కిక్కిస వంక చూస్తున్నాడు. తప్పు చేసినవాడు ఎదుటివాడి కళ్ళలోకి చూడలేడని ప్లీడరుగారి అనుభవం.

"ఒట్టేసి చెప్పరా. నీ దేవుడి మీద ఒట్టేసి చెప్పు. ఆ లంకలో పులి ఉందా?"

క్రీస్తుదాసు తల వంచుకున్నాడు. జనం గొల్లున నవ్వారు.

రెండు రోజుల ముసురుకి కొల్లేరు పొంగి ఉంది. గాలికి కొట్టుకొచ్చిన కిక్కిస దుబ్బులు కాలవకి అడ్డంపడి, గోడ అంచుదాకా మేట వేశాయి. ప్లీడరుగారు కొల్లేటి అల్లుడు. అలాంటి మేట మనిషిని మోస్తుందని ఆయనకి తెలుసు. పంచె ఎగ్గట్టి గోడ ఎక్కారు.

"ఏవండీ! వద్దండీ!" భార్య కామేశ్వరి కేక పెట్టింది.

"నువ్వు ఊరుకో. వీణ్ణి చూడు, ఆపుతున్నాడా? పులి ఉంటే ఆపడటే?"

నిజమే, క్రీస్తుదాసు ఆపలేదు. పైగా, "పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి బాబుగారూ" అన్నాడు మెల్లిగా.

"విన్నారా? పులి ఇంటికి పిల్లల్ని తీసుకెళ్ళమంటున్నాడు! ఇంతకంటే సాక్ష్యం కావాలా?"

కర్రతో తట్టి చూసుకుంటూ మేట మీద నడిచి లంక చేరారు. కిక్కిసలో దూరి కనపడకుండా పోయారు. కామేశ్వరి మంగళసూత్రాలు కళ్ళకద్దుకుంది.

పావుగంట గడిచింది.

"ఏమీ లేదు!" లంక మధ్య నుంచి కేక వినపడింది. "ఖాళీ పాక, నీళ్ళ తొట్టి, నాలుగు మేక ఎముకలు. మేనేజరు తిని పారేసినవి అయ్యుంటాయి! మూల మూలా వెతికాను!"

ఆయన తిరిగి వస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. పెళ్ళిలో కూడా ఆయన మొహం అంత వెలగలేదని కామేశ్వరి తర్వాత తలుచుకుంటూ ఉండేది.

"ఇక భయం లేదు. ఉసిరిచెట్టు కింద చాపలు పరవండి. పిల్లలూ, పోయి ఆడుకోండి!"

అప్పటిదాకా తల్లుల కొంగులు పట్టుకున్న పదిమంది పిల్లలు ఒక్కసారిగా గట్టు దిగారు. దాగుడుమూతలకి కొల్లేటి ఒడ్డు వెంట కిక్కిసని మించిన చోటేముంది? చూస్తుండగానే పది తలలూ అందులో మునిగిపోయాయి.

క్రీస్తుదాసు ఇక ఉండబట్టలేకపోయాడు. సలోమి, ఉద్యోగం, కొంప, అన్నీ మరిచాడు.

"పులి ఉందండీ! పిల్లల్ని పిలవండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, పులి ఉందండీ!"

అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. కామేశ్వరికి మాత్రం జాలేసింది.

"ఇంకా ఎందుకయ్యా అబద్ధాలు? ఆయన వెళ్ళి కళ్ళారా చూసి వచ్చారు కదా!"

ఆయన చూసింది నిజమే. పులి ఆ తెల్లవారుజామునే, ఆయన నడిచిన మేట మీదుగానే, ఇవతలికి వచ్చేసింది.